తూటా యెవరిదో తుపాకియు వారిదే

కడియమునుండి మాకొక లేఖ వచ్చినది. వ్రాసినవారు పూలమొక్కల పెంపకమున చిరకాలముగ నున్నవారు. తమ పేరు ప్రకటింపవలదని కోరినారు గావున ప్రకటించుట లేదు. వారి యింట కాన్పూరునందలి ప్రభుత్వ కర్మాగారమున తయారైన .32 రివాల్వరొకటి లైసెన్సుతో నున్నది. వారి కుమారుడు అమెరికాలో టెక్సాసు రాష్ట్రమున నుద్యోగము చేయుచు, సెలవు దినములలో గుఱికాల్చు మైదానమునకు పోవుట యలవాటు చేసికొన్నాడు. అతడీ మధ్య నొక క్రొత్త రివాల్వరు కొని, దాని తూటా లోకమున నందఱును వాడునది కాదనియు, ఒక కంపెనీవారు ప్రత్యేకముగ కల్పించినదనియు, అందువలననే దానిపై తనకంత మక్కువయనియు తండ్రికి తెలియజేసినాడట. “అంగడిలో ధారాళముగ దొరకు తూటాను విడిచి, ఎక్కడనో యొకచోట తప్ప దొరకని దానికొఱకు మావాడేల వెంపరలాడుచున్నాడు? ఇది వివేకమా, వ్యసనమా?” యని వారి ప్రశ్న.

మొదట నీ లేఖను పక్కన బెట్టుదమనుకొంటిమి. గోదావరి కాలువలకు నీరు చాలదని రైతులు మొఱపెట్టుకొను దినములలో, అమెరికాలోని యొక యువకుని వినోదమును గూర్చి సంపాదకీయ పుటలో వ్రాయుట తగునా యను శంక కలిగినది. కాని యోచించినకొలది, ఈ ప్రశ్న యొక్క యువకునితో పోవునది కాదనియు, మన దేశమున లైసెన్సు గల ప్రతివానికిని, అంతకుమించి మన రాజ్యాంగ చరిత్రకును సంబంధించినదనియు తోచినది.

తుపాకి యనగానే జనులు గొట్టమును, పిడిని, మీటను తలచుకొందురు. నిజమునకు తుపాకి తూటా కొఱకు కట్టిన యిల్లు మాత్రమే. ఇత్తడి డొప్ప, దాని యడుగున నొక చిన్న పేలుడు టోపీ, లోపల మందు, మొగమున గుండు, ఈ నాలుగింటి కూర్పే తూటా. ఆ డొప్ప యెంత పొడవుండవలెనో, ఎంత లావుండవలెనో, లోపలి మంద మెంత యొత్తిడి పుట్టింపవలెనో ముందుగ నిర్ణయించి, దానికి సరిపడునట్లు తుపాకి గదిని తొలుతురు. వెండ్రుకవాసి తేడా వచ్చినను తూటా లోనికి పోదు, పోయినను ప్రమాదము. కావున తూటాను కల్పించినవాడు తుపాకిని శాసించును. ఏనుగును కొన్నవాడు అంకుశమునకు వెనుదీయుట మన సామెత. ఇక్కడ నంకుశము చేయువాడొక్కడే యైనచో, వెనుదీయుటకు గూడ వీలులేదు.

ఇట్లని తెలిసియు, బుద్ధిమంతులు సయిత మరుదైన తూటాల వెంటబడుట కేవలము వెఱ్ఱి యని మేము చెప్పజాలము. ఆ యాకర్షణలో సత్యమున్నది. మన మిత్రుని కుమారుడు కొన్నది .327 ఫెడరల్ మాగ్నమ్ అను తూటాకు సరిపడు రివాల్వరు. ఆ తూటాను 2007లో అమెరికాలోని ఫెడరల్ కంపెనీవారు, రూగర్ కంపెనీవారు కలసి లోకమునకు ప్రకటించినారు. అరచేతి యంత చిన్న రివాల్వరులో .357 మాగ్నమ్ తూటా లైదు మాత్రమే పట్టును. గుండు సన్నమగుటచే నివి యాఱు పట్టును. దెబ్బలో .357కు కొంత తక్కువైనను, చేతికి తగులు తన్నును తక్కువ. దాని మూలపురుషుడైన పాత .32 తూటాతో పోల్చినచో గుండు రెండు రెట్ల వేగముతో పోవును. గుఱికాల్చుటను విద్యగ నభ్యసించువానికి ఇవి పొల్లు మాటలు కావు. చేతి వణకును, కంటి చూపును, ఊపిరిని అదుపులో బెట్టి పదునైదు గజముల దూరమున నాఱు గుండ్లను అరచేయంత చోట దింపువాడు తన పనిముట్టును గూర్చి సూక్ష్మముగ నాలోచించుట సహజము. వైణికుడు తీగల విషయమున పట్టుదల చూపడా?

దీనికి తోడు మఱియొక భావమున్నది. తన యొద్ద నున్నది పొరుగువాని యొద్ద లేదను తృప్తి! మన జమీందారుల దివాణములలో జోడు గుఱ్ఱముల బండి యుండగా నెవరికిని లేని విలాయతీ మోటారు తెప్పించిన చోద్యము లెన్ని వినలేదు? ఆ తృప్తిని మేము మెచ్చము, లేదనియు బొంకము. తూటాలు చేయు కంపెనీలు దాని నెఱిగియే వర్తకము చేయుచున్నవి.

ఈ మార్గమున నడచినవారు పడిన పాట్లును చెప్పవలెను. 1961లో స్మిత్ అండ్ వెసన్ కంపెనీవారు .22 రెమింగ్టన్ జెట్ అను తూటాకు రివాల్వరు చేసిరి. అది మెడ సన్నమై, నడుము వెడల్పైన సీసా వంటి తూటా. మిక్కిలి వేగము గలది. కాని పేలినప్పుడు డొప్ప వెనుకకు జరిగి చట్రమున కానుకొని, చక్రము తిరుగక బిగిసిపోవుచుండెను. గదిలో కొంచెము నూనె తడి యున్నచో మఱియు తిప్పలు. రివాల్వరునకు చక్రము తిరుగకపోవుట యనగా కవ్వము తిరుగక మజ్జిగ చేయబూనుట వంటిది. పిమ్మట 1971లో ఆటోమాగ్ అను పెద్ద పిస్తోలు వెలసినది. దాని .44 తూటా తొలుత నంగడిలో లేదు. కొన్నవారు రైఫిలు తూటాల యిత్తడి డొప్పలను తెచ్చి, కోసి, లోపల నునుపుచేసి, తామే మందు కూరుకొనవలసివచ్చినది. ఏడాది తిరుగకుండ ఆ కంపెనీ దివాలా తీసెను. అమెరికాలో నిట్లింట కూర్చుండి తూటాలు కూరుకొను వాడుక విస్తారముగ నున్నది గావున నట్టి పిస్తోళ్లు కొంతకాలమైన బ్రతికినవి. మన దేశమున మందుగుండు తయారీకి లైసెన్సు వలయును గావున నా దారి మూసియే యున్నది. 2020-21లో నమెరికాలో తూటాల కఱవు వచ్చినపుడు, కర్మాగారములు 9 మిల్లీమీటర్లు మొదలగు విరివియైన తూటాలకే తమ యంత్రములను ముందుగ నప్పగించి, అరుదైనవానిని వెనుకకు నెట్టినవి. అట్టివేళ ప్రత్యేకత యను నలంకారము దారిద్ర్యముగ మాఱును.

కంపెనీ తన పేర తూటా గల్పించి కొనువానిని తన గుమ్మమునకు కట్టివేయు నీ తంత్రము అమెరికావారు కనిపెట్టినది కాదు. దానికి తల్లి యింగ్లండు. దాది యెవరనినచో, మన హిందూదేశమే. సైన్యపు తూటా ప్రజల చేతికి చిక్కరాదను భయముతో నాంగ్లప్రభుత్వమువారు .303 బోరును ఇచ్చటి పౌరులకు నిషేధించిరి. పిమ్మట 1907 ప్రాంతమున .450 బోరును హిందూదేశమునను సూడానునను నిషేధించిరి. పాత మార్టినీ-హెన్రీ తుపాకులు తిరుగుబాటుదారుల చేతులలో నున్నవనియు, వానికి గుండ్లు దొరకుననియు వారి దిగులు. అంతట లండనునందలి తుపాకి వర్తకుల కొక పండుగ వచ్చినది. పులులను, ఏనుగులను వేటాడు దొరలకును రాజులకును .450 బదులు వేఱొకటి కావలెను గదా! హాలండ్ అండ్ హాలండ్‌వారు .465, వెస్ట్లీ రిచర్డ్స్‌వారు .476, ఇట్లొక్కొక్కరు కొద్ది నూళ్ల తేడాతో నొక్కొక్క తూటా గల్పించి, ‘ఇది మాది’ యని ముద్ర వేసికొన్నారు. సంస్థానములలో నా తుపాకులు వందలకొలది కొనబడినవి. అందనేకములకు నేడు తూటా లేదు. గోడకు వ్రేలాడుచు, ఏటేట నూనె పూయించుకొనుచు, రాజ్యము పోయిన రాజువలె కాలము గడపుచున్నవి.

.303 లేనివారికొఱకు పుట్టినదే .315 రైఫిలు. ఆస్ట్రియా దేశపు మాన్లిఖర్ సైనిక తూటా వంశమునుండి దిగివచ్చిన బోరది. పుట్టినచోట దాని నిప్పుడు తలచువారు లేరు. మన దేశమున మాత్ర మిప్పటికిని ప్రభుత్వ కర్మాగారములు దానికి రైఫిళ్లు చేయుచునే యున్నవి. విదేశములలో నరుదైన తూటా వేడుకచే పుట్టినది. మన యింట నిషేధముచే పుట్టినది.

అట్లయిన నే తూటా నిలుచును, ఏది నశించును? ఇందుల కొక పాత కథ దారి చూపుచున్నది. మన మిత్రుని యింటనున్న రివాల్వరుయొక్క తూటా పేరు .32 స్మిత్ అండ్ వెసన్ లాంగ్. 1896లో నా కంపెనీవారు తమ క్రొత్త రివాల్వరు కొఱకు దానిని కల్పించిరి. నాటికది యొక్క యింటి సొత్తే. వారికి ప్రతిస్పర్ధి కోల్ట్ కంపెనీ. కోల్ట్‌వారికి తూటా నచ్చినది. తమ తుపాకిపై పగవాని పేరు చెక్కించుటకు మాత్రము మనసొప్పలేదు. అందుచే గుండు మొన కొంచెము చదును చేసి, దానికి ‘కోల్ట్ న్యూ పోలీసు’ అని నామకరణము చేసిరి. కొలతలు మాత్ర మవియే! పేరునకు పంతము, పనికి పొత్తు. ఇట్లు రెండు మూడు కంపెనీల చేతులలో పడుటచేతనే యా తూటా నూటయిరువదియైదేండ్లకు పైగా బ్రతికియున్నది. అంతర్జాతీయ పోటీలలో 25 మీటర్ల సెంటర్ ఫైర్ పిస్తోలు పందెమున చదునుమొన గల .32 తూటానే పెక్కుమంది వాడుదురు. జస్పాల్ రాణా 2006లో దోహా ఆసియా క్రీడలలో 590 గుఱులు సాధించి ప్రపంచ రికార్డును సరిచేసిన పందె మదియే.

దీనికి భిన్నముగ గ్లాక్ కంపెనీవారు 2003లో తమ పేరే తూటాకు తగిలించి .45 గ్యాప్ అని యొకదానిని విడుదల చేసిరి. అమెరికాలో న్యూయార్కు, పెన్సిల్వేనియా, జార్జియా మొదలగు రాష్ట్రముల పోలీసులు గూడ దానిని స్వీకరించిరి. తూటా చెడ్డది కాదు. పాత .45 చేయు పనిని పొట్టి డొప్పతో చేసినది. కాని యితర కంపెనీలలో దానికి తుపాకులు చేసినవారు కొద్దిమందియే. ఒకరి వెనుక నొకరుగ పోలీసులును దానిని విడిచిరి. నేడు కొన్నవారే దానికి దిక్కు. ఫిలిప్పైను దీవులలోని ఆర్మ్‌స్కార్ కంపెనీవా రింతకంటె తెలివిగ వర్తించిరి. వారు .22 టీసీఎమ్ అను చిన్న వేగవంతమైన తూటా గల్పించి, దాని పిస్తోలు కొన్నవారికి 9 మిల్లీమీటర్ల గొట్టము నొకటి జతచేసి యమ్మిరి. మా తూటా దొరకనినాడు లోకపు తూటా వాడుకొనుడని దాని యర్థము. ఆసియా ఖండమునందలి యొక చిన్న దేశపు వర్తకునకున్న యీ వినయము, పెద్ద దేశముల పెద్ద కంపెనీలకు లేకపోయెను.

కడియపు రైతులకు దీనిని మేము బోధింపనేల? వారికి నిత్యానుభవము. కొత్తపల్లి కొబ్బరి మామిడి యెట్లు గోదావరి సీమ యంతట వ్యాపించినది? అంటుకట్ట నేర్చిన ప్రతివాడును కొమ్మను తెచ్చి కట్టుకొనుటకు వీలగుట చేత గదా! అదే హైబ్రిడ్ బంతి విత్తనమును చూడుడు. పువ్వు పెద్దది, రంగు మేలు, సంతలో ధర యెక్కువ. కాని దాని గింజను దాచి మఱునాడు చల్లినచో తల్లి గుణము రాదు. మరల కంపెనీ పొట్లమునకే పోవలెను. రైతు దానిని వేయవద్దని మేమనము. వేయుచునే యున్నాడు, లాభమును పొందుచున్నాడు. తన తోట మొత్తము నట్టి విత్తనముతో నింపువాడు మాత్రము, ఒక యేడు పొట్లము రానిచో నేమి చేయుదునో ముందుగ నాలోచించుకొనును. తుపాకి కొనువాడును పొలము దున్నువానిపాటి యాలోచన చేయవలసినదే.

ఇంతవఱకు వర్తకుని సంగతి. ఇక సర్కారు సంగతి. ఎవరి చేత తూటా యుండునో వారి చేతనే తుపాకి యుండునని మన గోదావరి మన్యమువారు రక్తము చిందించి తెలిసికొన్నారు. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో అల్లూరి సీతారామరాజు గారు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషనులపై పడి 26 తుపాకులను, 2,500కు పైగా తూటాలను తీసికొన్నారు. లెక్క వేసిచూడుడు. తుపాకి యొక్కింటికి నూఱు తూటాలైన రావు. ఆ తుపాకులు సర్కారువి గావున నా తూటాలును సర్కారు కొట్లలో తప్ప నెచ్చటను లేవు. తూటా కొఱకు మరల స్టేషను పైననే పడవలెను. ఆ సంగతి పోలీసులకును తెలిసినది. ఇంచుమించు రెండేండ్లు పోరాడిన యా వీరుల ధైర్యమునకు కొఱత లేదు. ఆ ధైర్యమునకు వెనుక కర్మాగారము మాత్రము లేదు.

1878 నాటి లిట్టను ప్రభువు ఆయుధ చట్టమును బ్రిటిషువారి దుష్కృత్యములలో నెల్ల నల్లనిదిగ చరిత్ర గణించునని గాంధి మహాత్ముడంతటి అహింసావ్రతుడు భావించినాడు. 1931లో కరాచీ కాంగ్రెసు ప్రాథమిక హక్కుల తీర్మానమున, నిబంధనలకు లోబడి ఆయుధములు ధరించు హక్కును పౌరునకు చేర్చిరి. స్వరాజ్యము వచ్చిన పిమ్మట, 1948 డిసెంబరులో రాజ్యాంగ సభయందు హెచ్. వి. కామత్ గా రా హక్కును ప్రాథమిక హక్కులలో చేర్చవలెనని సవరణ తెచ్చిరి. అంబేద్కరు గారు దాని నంగీకరింపలేదు, సభయు త్రోసిపుచ్చెను. అప్పుడే రక్తపాతముతో తడిసిన దేశమున సభవారు సంకోచించుటలో న్యాయము లేకపోలేదని మా తలంపు. ఇంటింటను తుపాకి యుండుటయే పౌరుషమని యెంచు వారితో మేమేకీభవింపము. పొలముగట్టు తగాదాకు రివాల్వరు చూపిన పెద్దమనుషులను మే మెఱుగుదుము.

అట్లయ్యు, లైసెన్సు నిచ్చిన పిమ్మట నైన సర్కారు పౌరునితో సూటిగ వర్తింపవలదా? 1959 చట్టము క్రింద 1962లో చేసిన నియమములు, .380, .455 తూటాలను, సైన్యపు 9 మిల్లీమీటర్ల తూటాను, .45 తూటాను కాల్చగల పిస్తోళ్లను నిషిద్ధ వర్గమున జేర్చినవి. పోలీసుల .410 మస్కెట్టును నట్టిదే. దొరల సూత్రమునే మన సర్కారును పాటించినది. సర్కారు తూటా పౌరున కంటరాదు! నిషేధమునకు గుఱియైనది తుపాకి బలము కాదు, తూటా పొత్తు. 2016 నియమములలోను నీ పద్ధతి మాఱలేదు. 2019 సవరణచే నొక్కరికి మూడు తుపాకుల బదులు రెండే యని హద్దు పెట్టినారు. దీని ఫలితముగ ఇచ్చటి పౌరునకు చేతి తుపాకి యనగా ముఖ్యముగ .32 బోరే. 2014లో కాన్పూరువారు స్త్రీలకొఱకని ‘నిర్భీక్’ అను తేలిక రివాల్వరు చేసి లక్షా యిరువదివేలకు పైబడిన ధర పెట్టిరి. అదియు .32యే. 2020 అనంతరము వెబ్లీ అండ్ స్కాట్ పేర హర్దోయి జిల్లాలో నొక కర్మాగారము తెఱచి రివాల్వర్లు చేయ మొదలిడిరి. అవియు .32యే. నాడు .455 రివాల్వర్లతో మనల నేలిన యింగ్లీషు సైన్యాధికారుల కవి సరఫరా చేసిన పేరే, నేడు మన చట్టమునకు తలయొగ్గి మన బోరులో రివాల్వర్లు చేయుచున్నది. కాలచక్రము తిరుగును గదా!

రివాల్వరు చేయువా రిట్లు పలువురైరి. తూటా మాట యేమి? 2021 అక్టోబరు 1న నాయుధ కర్మాగారముల బోర్డును రద్దుచేసి యేడు ప్రభుత్వ కంపెనీలుగ విడదీసినారు. కాన్పూరు రివాల్వరొక కంపెనీ పాలు, ఖడ్కీ మొదలగుచోట్ల తూటా మఱియొక కంపెనీ పాలు అయినవి. లైసెన్సు పుస్తకమున నెన్ని తూటాలు కొనవచ్చునో సర్కారు వ్రాయును. అన్ని తూటాలు జిల్లా దుకాణమున దొరకునని వ్రాయుటకు మాత్ర మెవ్వరును లేరు. గగన్ నారంగ్, ఈషా సింగ్ వంటి మన హైదరాబాదు గుఱికాండ్రు లోకమున పేరు దెచ్చుచుండగా, వారి వెనుక వచ్చు పల్లె బాలుర యభ్యాసము తూటా ధరపై నాధారపడి యుండుట మనకు శోభయా? తుపాకుల సంఖ్య పెంచుమని మే మడుగుట లేదు. ఇచ్చిన లైసెన్సుకు తగిన తూటా స్వదేశమున నొక్కరికంటె నెక్కువమంది చేయునట్లును, దాని ధరయు నిలువయు బహిరంగముగ ప్రకటించునట్లును చేయుమని మాత్ర మడుగుచున్నాము.

ఇక మా కడియపు మిత్రులకు. మీ కుమారుని గూర్చి దిగులు వలదు. అతడు కొన్న .327 అరుదైనదే కాని యనాథ కాదు. దాని వంశవృక్షము మీ యింటనే యున్నది. మీ .32 లాంగ్ డొప్పను కొంత పొడిగించి 1984లో హారింగ్టన్ అండ్ రిచర్డ్సన్ పేర .32 మాగ్నమ్ చేసిరి. రెండేండ్లకే యా కంపెనీ మూతబడినను తూటా మిగిలినది. దానిని మఱికొంత పొడిగింపగా .327 అయినది. కావున నతని రివాల్వరు మీ తూటాను చక్కగ కాల్చును. పెద్దది దొరకనినాడు తాతగారి తూటాతో నైన నభ్యాసము సాగును. మీ రివాల్వరు మాత్ర మతని తూటాను కాల్చజాలదు. డొప్ప పొడవగుటచే చక్రమున పట్టదు. గదిని కొంచెము తొలిపించినచో పట్టునని చెప్పు మిస్త్రీ యెవడైన మీకు తారసపడవచ్చును. వానిని గుమ్మము త్రొక్కనీయకుడు. మీ తూటా యొత్తిడి చదరపు టంగుళమునకు 15,000 పౌనులు, అతనిది 45,000. మూడు రెట్ల యొత్తిడికి మీ చక్రము పగిలినచో ముందుగ పోవునవి మీ వ్రేళ్లే.

ఎన్నికలు ప్రకటింపబడిన వెంటనే మీ రివాల్వరును స్టేషనులో నప్పగించి రసీదు తెచ్చుకొను వాడుక మీకు గలదని వ్రాసినారు. ఈ మాఱు తెచ్చుకొనునపుడు పెట్టెలోని తూటాలను గూడ లెక్కపెట్టి చూడుడు. పచ్చచిలుము పట్టినవానిని వేఱుచేసి, లైసెన్సు గల వర్తకునకే యప్పగింపుడు. మీ కుమారునకు జాబు వ్రాయునపుడు, అతని తూటాను నేడెందఱు కంపెనీలవారు చేయుచున్నారో మా తరఫున నడుగుడు.